ఆయుధపూజ తర్వాత ఇరవై నాలుగు తెరలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పోస్టింగులో రెండు నెలల పాటు, ప్రతి ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, నా పై అధికారి ముందు రోజు రాసిన ఫైలును ఆయనకు తెలియకుండా సరిదిద్దాను. ఎనిమిదిన్నరకు ఆయన వచ్చేసరికి నా చేతులు ఒళ్లో ఉండేవి. డైరీలో అన్నీ రాసుకునేదాన్ని. ఇది మాత్రం అందులోనూ రాయలేదు.

నేను సైన్యంలో పని చేయలేదు. కాని ఆ ఆరు నెలలు తలచుకుంటే సిపాయి తన డ్యూటీని తలచుకున్నట్టే ఉంటుంది. కారణం నా పై అధికారి. ఆయన సైన్యంలో సిగ్నల్సు విభాగంలో ఇరవై నాలుగేళ్లు చేసి దిగిన సుబేదారు. ఆ గదిని ఆయన గది అనేవాడు కాదు, పోస్టు అనేవాడు. రోజూ ఏం జరిగిందో ఎట్లా రాయాలో నాకు ఆయనే నేర్పాడు. గంట, వాతావరణం, ఆర్డరు, చేసిన పని. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ రాస్తే కొట్టేసేవాడు. ఇంట్లో వాళ్లు ఏం పని అని అడిగితే "కంప్యూటర్ కాడ పని" అని ఊరుకున్నాను. ఇప్పుడు వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఎనభై ఆరు, ఆగస్టు, మొదటి సోమవారం. తెల్లవారి నెక్కొండలో ప్యాసింజరు ఎక్కాను. కాజీపేటలో దిగేసరికి వాన. రైల్వే క్వార్టర్లలో ఉండే చిన్నమ్మ ఇంట్లో పెట్టె దింపి హన్మకొండ బస్సెక్కాను. కంప్యూటర్ శిక్షణ కేంద్రం రోడ్డు పక్కనే. అక్కడ నాకు ఆరు నెలల అప్రెంటిస్ పని. రెండంతస్తులు. పైన తరగతులు, కింద యంత్రం. గేటు నుంచి మెట్ల దాకా ఎర్రమట్టి బురద. ఎవరో ఇటుకలు వేశారు. పదకొండు ఇటుకలు. తడవకుండా దాటాను.

నాతో తెచ్చుకున్నవి: స్వెటరు ఒకటి, డైరీ ఒకటి, రెండు పెన్నులు, టిఫిన్ డబ్బా, అట్ట వేసిన లైబ్రరీ పుస్తకం ఒకటి. డ్యూటీ చోట నవలేమిటంటారని, పుస్తకం ఎవరూ చూడకుండా స్వెటరులో చుట్టాను. చెప్పులు బయట విడవాలి. లోపల చల్లటి గాలి యంత్రం రాత్రింబగళ్లు నడుస్తుంది. ఆగస్టులో స్వెటరు ఎందుకని చిన్నమ్మ నవ్వింది. పది నిమిషాలు అక్కడ కూర్చుంటే ఆమెకూ కావాల్సి వచ్చేది.

అద్దాల గదిలో పెద్ద బీరువా అంత యంత్రం, దానికే బిగించిన ఒక చిన్న తెర, మేం పని చేసేది దాని మీదే. బయట హాల్లో ఇరవై నాలుగు తెరలు. నాలుగు వరుసలు, వరుసకు ఆరు. పదహారు పాతవి, ఆకుపచ్చ అక్షరాలు, నెమ్మది. ఎనిమిది కొత్తవి, పసుపు అక్షరాలు, వేగం. మూలకు ఒక ప్రింటరు. ఒక్కోదాని వెనక నుంచి ఒక నల్ల తీగ నేలలోని కాలువలో పడి అద్దాల గదిలోకి పోతుంది. మొత్తం ఇరవై ఐదు తీగలు. యంత్రం వెనక ఇరవై ఐదు రంధ్రాలు. ఒక్కో రంధ్రానికి ఒక నంబరు. దాన్ని లైను అంటారు.

నా డ్యూటీ అంతా రెండు ఫైళ్ల మీద. ఒకటి పేర్ల ఫైలు. ఎవరెవరు తెర ముందు కూర్చుని లోపలికి రావచ్చో అందులో ఉంటుంది. రెండోది లైన్ల పట్టిక. ఏ లైనుకు ఏ రకం తెర ఉంది, దానితో ఏ వేగంతో మాట్లాడాలి అన్నది అందులో ఉంటుంది. ఈ రెండూ సరిగా ఉంటే యంత్రం నడుస్తుంది. ఒక్క గుర్తు తప్పినా ఎవరో ఒకరు బయట ఉండిపోతారు.

సుబేదార్ సాబ్ మొదటి రోజే ఆర్డర్లు ఇచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల మీసం, మందపాటి కళ్లద్దాలు. కుర్చీలో కూడా నిటారుగా ఉన్నాడు.

"ఫైలు ముట్టే ముందు నకలు తియ్యాలె. ముట్టినంక రిజిస్టర్ల రాయాలె. రాసినంక సంతకం పెట్టాలె. పొద్దుమీకి అయిదింటికి అన్ని ఫైళ్లు టేపు మీదికి ఎక్కించాలె. సమజైందా?"

తల ఊపాను.

"నిన్నే అడుగుతాన్న. సమజైందా?"

"అయింది సాబ్."

"ఇనవడలే."

"అయింది సాబ్!"

తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు పెదవులు బిగించి నవ్వాపుకున్నాడు. నర్సంపేట వైపు రైతు కుటుంబం వాడు, నలభై ఏళ్లుంటాయి. ఆ రోజు టీ తెస్తూ చెప్పాడు. "జర గట్టిగ మాట్లాడు చెల్లె. మా పోస్టుల గుసగుసలు నడవయ్."

పేర్ల ఫైలులో ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస. వరుసలో ఏడు గడులు. గడికీ గడికీ మధ్య రెండు చుక్కల గుర్తు. నెలకు ఒక కొత్త జట్టు వచ్చేది. ముప్పై మంది, నలభై మంది. సాబ్ ప్రతి వరుసనూ స్వయంగా టైపు చేసేవాడు. ఇంకెవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. నా పని ఆయన పక్కన నిలబడి రిజిస్టరులో ఎక్కించడం.

తొమ్మిదో రోజు ఉదయం ఎనిమిదింటికే ఒక విద్యార్థి వచ్చాడు. లోపలికి రానివ్వడం లేదు మేడం అన్నాడు. నన్ను మేడం అన్నది అతనే మొదలు. నేను ఫైలు తెరిచి చూశాను. అతని వరుసలో రెండు చుక్కలు ఉండాల్సిన చోట పై చుక్క, దాని కింద తోక ఉంది. రెండూ ఒకే మీట మీద ఉంటాయి. పక్క మీట కూడా నొక్కితే చుక్కలు, నొక్కకపోతే తోక. తెర మీద చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. నేను సరిచేశాను. అతను వెళ్లిపోయాడు. ఇంకా చూస్తే, అట్లాంటివి మరో నాలుగు ఉన్నాయి.

ఆ రోజు నుంచి గమనించాను. సాబ్ ముక్కు తెర అద్దానికి బెత్తెడు దూరంలో ఉండేది. రిజిస్టరులో సంతకం పెట్టాలంటే కిటికీ దగ్గరకు పోయేవాడు. హాల్లో ఎవరైనా ఎదురొస్తే ముందు వాళ్ల అడుగుల చప్పుడు విని, తర్వాత పలకరించేవాడు. మా నానమ్మకు శుక్లాలు వచ్చినప్పుడు అట్లాగే ఉండేది.

అటెండరు అన్నను అడగాలనుకున్నాను. అడగలేదు. అతనే చెప్పాడు.

"నీకెర్కనే కదా చెల్లె. సాబ్ కండ్లకు పొర కమ్మింది. ఎండాకాలం సెలవులల్ల ఆపరేషన్ చేయించుకుంటడట. అందాక ఎవలకు చెప్పకు."

"ఇప్పుడే చేయించుకోవచ్చు కదా అన్నా?"

"నెల రోజులు పట్టి కట్టుకొని పండాలె. సాబ్ నౌకరి ఏడాదికోసారి కాగితం మీద పొడిగిస్తరు. డిసెంబర్ల రావాలె గా కాగితం. కండ్లు కనపడనోనికి ఎవలిస్తరు?" టీ గ్లాసులు తీసుకుంటూ ఆగాడు. "గీ పోస్టు లేకుంటే సాబ్ బతుకడు చెల్లె. ఇంట్ల కూసుండే మనిషి గాదు."

ఆ రోజు బస్సులో నిలబడే ఆలోచించాను. నాకు నోరు తెరవడం కష్టం. చదవడం కష్టం కాదు. యంత్రంతో వచ్చిన లావుపాటి పుస్తకాలు అల్మారాలో ఉన్నాయి. మధ్యాహ్నం టిఫిను తింటూ ఒకటొకటి చదివాను. అందులో ఒక సంగతి ఉంది. రోజూ చేతితో ఇచ్చే కమాండులను వరుసగా ఒక ఫైలులో రాసి పెట్టుకోవచ్చు. తర్వాత ఆ ఫైలు పేరు చెబితే చాలు, యంత్రం వాటన్నిటినీ వరుసగా చేస్తుంది. అట్లాంటి ఫైలును స్క్రిప్టు అంటారు.

నా మొదటి స్క్రిప్టు డైరీ చివరి పేజీలో రాశాను. పదకొండు వరుసలు. పేర్ల ఫైలు మొత్తం చదవాలి. ప్రతి వరుసలో ఏడు గడులు ఉన్నాయా లెక్క పెట్టాలి. లేకపోతే ఆ వరుస నాకు చూపాలి. ఒకే పేరు రెండుసార్లు వస్తే అదీ చూపాలి. అంతే. మర్నాడు ఎనిమిదీ పదికి నడిపించాను. నేను అరగంట వెతికేది అది ఊపిరి తీసేలోగా చూపించింది. మూడు వరుసలు. సరిచేశాను. నకలు తీయలేదు, రిజిస్టరులో రాయలేదు, సంతకం పెట్టలేదు. మూడు ఆర్డర్లు ఒకేసారి తప్పాను. ఆ రోజు ఎవరూ తెర ముందు నిలబడిపోలేదు. సాబ్ సాయంత్రం అన్నాడు, "చూసినవా బేటీ, చేతితోని చేసిన పని ఎట్లుంటదో."

"అవు సాబ్" అన్నాను, గట్టిగా.

సెప్టెంబరులో ఒక ఉదయం అతి తెలివికి పోయాను. పేర్లన్నీ అక్షరక్రమంలో ఉంటే బాగుంటుందనిపించింది. ఫైలును చదివి, వరుసలో పెట్టి, అదే ఫైలులో రాయమన్నాను. యంత్రం రాసే ముందు పలక తుడుస్తుంది. తుడిచిన పలకను చదివింది. ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని శ్రద్ధగా వరుసలో పెట్టింది.

పేర్ల ఫైలు ఖాళీ. నూట ఎనభై మంది లేరు. సమయం ఎనిమిదీ పద్నాలుగు.

నేను అప్పటికే నా పేరుతో యంత్రంలోకి వెళ్లి ఉన్నాను కాబట్టి సరిపోయింది. బయటకు వచ్చి ఉంటే మళ్లీ నన్ను కూడా రానిచ్చేది కాదు. అల్మారా తెరిచాను. ముందు రోజు సాయంత్రం ఐదింటికి సాబ్ ఎక్కించిన టేపు, దాని మీద ఆయన పెద్ద అక్షరాలతో రాసిన వారం పేరు. టేపు ఎక్కించి, ఫైలు వెనక్కి తెచ్చాను. ఎనిమిదీ ఇరవై ఏడు. మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు వినిపించింది. గుమ్మం బయట బూట్లు విప్పే శబ్దం, ఒకటి, రెండు.

అప్పటి నుంచి నేను రాసిన ప్రతి స్క్రిప్టులోనూ మొదటి వరుస ఒకటే. పాత ఫైలుకు నకలు తీయి.

అక్టోబరులో దసరా సెలవులు. శుక్రవారం మధ్యాహ్నం పోస్టులో ఆయుధపూజ. నేను సద్దుల బతుకమ్మకు ఊరికి పోవాలని పన్నెండింటికే సెలవు తీసుకున్నాను. సెలవులు అయిపోయాక గురువారం తిరిగి తెరవాలి. ఆ మర్నాడు శుక్రవారం పది గంటలకు విద్యార్థుల ప్రాక్టికల్ పరీక్ష. బయటి నుంచి ఎగ్జామినరు వస్తాడు.

గురువారం ఎనిమిదీ పది. తలుపు తీయగానే వాడిన బంతిపూల వాసన. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టిన మరక. ప్రతి తెర నుదుటా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. తెరలన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి. అటెండరు అన్న జమ్మి ఆకు చేతిలో పెట్టాడు. "బంగారం తీస్కో చెల్లె. నేనే తుడిచిన అన్ని. మంచిగున్నయా?"

చాలా బాగున్నాయి. ఎనిమిదీ నలభైకి సాబ్, సెలవుల్లో ఆపిన యంత్రం లేపాడు.

కొన్ని తెరల మీద పిచ్చి గీతలు వచ్చాయి. కొన్ని నల్లగా ఉండిపోయాయి. మూలనున్న ప్రింటరు లాగిన్ అని అచ్చువేసి, ఎవరైనా జవాబు చెబుతారేమో అన్నట్టు ఆగింది.

"ఏం జేసినవ్ర?" అన్నాడు సాబ్.

"ఏం జెయ్యలే సాబ్. తీగలు పీకి కిరసనాయిల్ తోని తుడిచిన. దుమ్ము పట్టి ఉండె. అద్దాల రూంల గూడ పీకి తుడిచిన. మల్ల అన్ని పెట్టిన."

"తీగలకు చీటీలు కట్టి ఉండె కదా. నంబర్లు రాసి."

"అవ్వి మాసిపోయి ఉండె సాబ్. పీకి పారేసిన." అతని గొంతు తగ్గింది. "పండుగ పూట గంత మురికిగ ఎట్ల ఉంచుత?"

సాబ్ నేల మీది చెక్క ఎత్తి కాలువలో చేయి పెట్టాడు. ఇరవై ఐదు తీగలు, అన్నీ ఒకే నలుపు, అన్నీ ఒకే లావు. ఇప్పుడు పట్టికలో రాసిన లైనుకూ తీగకూ పొంతన లేదు. సైన్యంలో ఆయన మొదట లైనుమనిషి. తీగను వేళ్లతో తడుముతూ ఆ చివర దాకా పోవడం ఆయనకు తెలుసు. మోకాళ్ల మీద పాకాడు. తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా నాలుగు తీగలు పట్టాడు. అందులో ఒకటి తప్పు. పదకొండింటికి కరెంటు పోయింది. మామూలే, ఒంటిగంటకు వస్తుంది.

ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా దుమ్ము. అటెండరు అన్న టీ తెచ్చి పక్కన పెట్టి దూరంగా నిలబడ్డాడు.

"రేపు పదింటికి ఎగ్జామినర్ వస్తడు. తెరలు లేవకుంటే డైరెక్టర్ సాబ్ నన్ను అడుగుతడు, ఒక దినమంత ఏం జేసినవని. తీగలు పట్టరాలేదంటే, ఎందుకు పట్టరాలే అంటడు." టీ ముట్టలేదు. "గప్పుడేం చెప్పాలె?"

అటెండరు అన్న నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. నా లోపల మాట ఉంది. అది పైకి రావడానికి చాలా సేపు పట్టింది.

"తీగలు ముట్టొద్దు సాబ్."

"ఏందీ?"

"తీగలు ముట్టొద్దు. ఎట్లున్నయో అట్లనే ఉండనియ్యాలె. పట్టికను మార్చుదాం. ఒక్కో లైనుకు దాని నంబరు పంపిస్త. ఏ తెర మీద ఏ నంబరు కనపడుతదో అదే దాని లైను. చూసి రాసుకుంటే చాలు. పట్టిక ఇంకో స్క్రిప్టు రాస్తది."

అంతకు ముందు రెండు నెలల్లో కలిపి నేను అన్ని మాటలు ఆయనతో మాట్లాడి ఉండను.

"యంత్రమే చెప్తదా, ఏ తీగ ఏడున్నదో?"

"చెప్తది సాబ్."

"రిజిస్టర్ల సంతకం ఎవలు పెడుతరు?"

"మీరే సాబ్."

టీ గ్లాసు అందుకున్నాడు. "రాయి" అన్నాడు.

కరెంటు లేనంతసేపు కిటికీ దగ్గర కూర్చుని డైరీలో రాశాను. ఒంటిగంటా ఐదుకు యంత్రం లేచింది. ఒకటీ యాభైకి టైపు చేయడం అయింది. మొదటి వరుస, పాత పట్టికకు నకలు. తర్వాత అన్ని లైన్ల మీదా లాగిన్ ఆపాలి. తర్వాత ఒక్కో లైనుకు నెమ్మది వేగంలో నంబరు పంపాలి. పాత తెరల మీద అంకె కనపడుతుంది. కొత్త తెరల మీద పిచ్చి గీతలు వస్తాయి. రెండోసారి ఎక్కువ వేగంలో పంపితే వాటి వంతు. ఏ తెర ఏ రకమో కూడా అట్లా తేలిపోతుంది.

ఇంకో పని కూడా చేశాను. అంకెను చిన్నగా పంపలేదు. నక్షత్రం గుర్తులు పేర్చి, తెర నిండేంత అంకెలు తయారు చేశాను. దానికే ముప్పావుగంట పట్టింది.

రెండూ నలభై. నేను అద్దాల గదిలో. తలుపు బార్లా తెరిచాం. అటెండరు అన్న హాల్లో మొదటి వరుస దగ్గర.

"సీటు ఒకటి!"

"చెప్పన్నా!"

"లైను పందొమ్మిది!"

"పందొమ్మిది. తర్వాత?"

"సీటు రెండు! లైను ఆరు!"

"ఆరు!"

"సీటు మూడు! గిండ్ల ఏం లేదు చెల్లె, పిచ్చి గీతలున్నయ్!"

"వదిలెయ్ అన్నా! అది కొత్తది. మల్ల చూద్దాం!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పై అంతస్తు నుంచి ఎవరో కిందికి తొంగి చూశారు. నేను ఆగలేదు. మొదటి వరుస అయింది. రెండో వరుసలో సీటు ఏడు, సీటు ఎనిమిది. తర్వాత వినిపించిన గొంతు అటెండరు అన్నది కాదు.

"సీటు తొమ్మిది. లైను పదకొండు."

తల ఎత్తి చూశాను. సాబ్ నడిమి దారిలో నిలబడి ఉన్నాడు. తెరకు ఆరడుగుల దూరం. వంగలేదు. చేతులు వెనక కట్టుకున్నాడు. ఒక అడుగు జరిగాడు.

"సీటు పది. లైను నాలుగు."

అటెండరు అన్న పక్కకు తప్పుకున్నాడు. పదకొండు అని టైపు చేయడానికి నాకు మూడుసార్లు పట్టింది. "నాలుగు సాబ్!" అన్నాను. ఆయన పెరేడులో నడిచినట్టు మిగతా వరుసలన్నీ నడిచాడు. పాతవన్నీ అయ్యాక కొత్తవి. ఒక్కటి కూడా తప్పు చదవలేదు. ప్రింటరు తన నంబరు తనే కాగితం మీద వేసుకుంది, ఇరవై రెండు.

అయ్యాక వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అంకెలు గింత పెద్దగ ఎందుకు రాసినవ్?"

నేను మీటల వైపు చూశాను. "అన్నకు కనపడాలని సాబ్."

"నాకు చిన్నయి గూడ మంచిగనే కనపడతయ్" అన్నాడు హాల్లోంచి అటెండరు అన్న. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

సాబ్ వెనక్కి తిరిగి హాల్లోకి పోయాడు.

ఆ రోజు రాసిన రెండో స్క్రిప్టు పట్టిక రాసింది. నాలుగూ నలభైకి ఇరవై మూడు తెరలు లాగిన్ అని అడిగాయి. సీటు పద్దెనిమిది లేవలేదు. అందులోకి కిరసనాయిలు పోయింది. రిజిస్టరులో రాశాను. సంతకం చోట ఆయన వేలు పట్టి ఆనించాను. అట్లా చేయడం అదే మొదటిసారి. ఆయన చేయి లాక్కోలేదు.

ఐదింటికి డైరెక్టర్ సార్ వచ్చాడు. సెలవుల తర్వాత ఒకసారి చూసిపోవడం ఆయన అలవాటు. పొద్దున తెరలు పడిపోయిన సంగతి పైన విద్యార్థులు చెప్పారట. హాలంతా చూసి, "ఒక్క రోజులో ఎట్లా చేశారు?" అన్నాడు.

సాబ్ ఏదైనా చెప్పి ఉండవచ్చు. తీగలు మార్చాం అంటే సరిపోయేది. ఆయన మడమలు దగ్గరకు తెచ్చి నిలబడ్డాడు.

"ఈ అమ్మాయి చేసింది సార్. నాతోని కాలే. నాకు కనపడతలేదు. రెండు కండ్లకు పొర. ఏడాది అయితాంది. దాచిన."

డైరెక్టర్ సార్ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. "ఏడాదా? మరి ఈ ఫైళ్లన్నీ ఎవరు రాశారు?"

"నేనే సార్."

"తప్పులు పోలేదా?"

"ఒక్క కంప్లైంటు గూడ రాలే సార్."

సాబ్ ముఖం నా వైపు తిరగలేదు. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

డైరెక్టర్ సార్ నన్ను అడిగాడు, ఎట్లా చేశావని. స్క్రిప్టులంటే ఏమిటో చెప్పాను. ఒక్క కమాండు కొడితే పట్టిక తయారవుతుందా? అవుతుంది సార్. పేర్లు కూడా ఎక్కించవచ్చా? ఎక్కించవచ్చు సార్. ఆయన గడ్డం రుద్దుకున్నాడు.

"అయితే ఒక్క కమాండుతో అయ్యే పనికి ఇద్దరు ఎందుకు?"

నేను రాసిన స్క్రిప్టులు ఏం చేయగలవో నాకు ఆ క్షణం అర్థమైంది. వాటిని ఆయన పోస్టు నిలబెట్టడానికి రాశాను. అవే ఆయన్ను పంపించేసేలా ఉన్నాయి.

రిజిస్టరు తీసుకుని డైరెక్టర్ సార్ ముందు తెరిచాను. 

"సార్, సెప్టెంబరులో నేను పేర్ల ఫైలు మొత్తం పోగొట్టిన."

డైరెక్టర్ సార్ తల ఎత్తాడు.

"స్క్రిప్టు తప్పు రాసిన. నూట ఎనభై పేర్లు పోయినయి. ముందు రోజు సాయంత్రం సాబ్ తీసి పెట్టిన టేపు ఉంది కాబట్టి పదమూడు నిమిషాల్లో వెనక్కి తెచ్చిన. ఎవరికీ తెలియదు. సాబ్‌కు కూడా తెలియదు. అప్పటి నుంచి నా స్క్రిప్టుల మొదటి వరుస సాబ్ ఆర్డరే, నకలు తీయకుండ ఫైలు ముట్టొద్దని. లైన్ల వేగాలు ఈ రిజిస్టరులో చూసి రాసుకున్న. నాలుగేళ్లవి ఉన్నయి సార్, ఒక్క రోజు తప్పకుండ. ఇది లేకపోతే నాకు ఏం రాయాలో తెలియదు."

డైరెక్టర్ సార్ పేజీలు తిప్పాడు. కిటికీ దగ్గర పెట్టిన సంతకాలు గీత దాటి పోతూ ఉన్నాయి. తేదీ, గంట మాత్రం ఎక్కడా తప్పలేదు.

"మరి ఇప్పుడు ఎవర్ని తీసెయ్యాలి? ఫైలు పోగొట్టిన ఆమెనా, కనపడదని దాచిన ఆయననా?"

"నన్ను తీసెయ్యిండ్రి సార్" అన్నాడు తలుపు దగ్గర నుంచి అటెండరు అన్న. "తీగలు పీకింది నేనే."

డైరెక్టర్ సార్ నవ్వు ఆపుకోలేకపోయాడు. లేచి, రిజిస్టరు మూసి, సాబ్ చేతుల్లోనే పెట్టాడు.

"ఆపరేషన్‌కు ఎన్ని రోజులు కావాలి?"

"ఒక్కో కంటికి నెల పైనే సార్."

"రేపు పరీక్ష కానివ్వండి. పోయి చేయించుకోండి. డిసెంబరు కాగితం నేను పంపిస్తా. వచ్చాక ఈ స్క్రిప్టులు ఆమె దగ్గర నేర్చుకోవాలి, అది షరతు."

"యెస్ సార్" అన్నాడు సాబ్. పై అంతస్తుకు వినిపించేంత గట్టిగా.

శుక్రవారం పరీక్ష ఇరవై మూడు తెరల మీద జరిగింది. ఎగ్జామినరు పసుపు బొట్ల గురించి ఒక్క మాట అడిగాడు. తెరల గురించి ఏమీ అడగలేదు.

నవంబరులో సాబ్ దవాఖానలో చేరాడు. పోస్టు నా చేతిలో ఉంది. ఉదయం ఎనిమిదీ పదికి స్క్రిప్టు, తర్వాత రిజిస్టరు, ఐదింటికి టేపు. సంతకం నాదే. కొత్త జట్టు నలభై రెండు మంది వచ్చారు. పేర్లు ఎక్కించడానికి ఒక పూట పట్టింది. అందులోనూ సగం సమయం జాబితా రెండుసార్లు చదువుకోవడానికే. అటెండరు అన్నకు టేపు ఎక్కించడం నేర్పాను. వారం పేరు అతను సాబ్ రాసినట్టే పెద్దగా రాసేవాడు. చలికాలం. బయటికీ లోపలికీ ఒకే స్వెటరు. మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకం బల్ల మీదే పెట్టి చదువుకున్నాను. ఆ రోజులు బాగుండేవి.

జనవరి చివరి శనివారం నా ఆరు నెలలు పూర్తయ్యాయి. ఆ సాయంత్రం కాజీపేటలో ప్యాసింజరు ఎక్కి నెక్కొండలో దిగాను. బాపు స్టేషనుకు వచ్చాడు. పెట్టె అందుకుని, మంచిగ అయిందా బిడ్డా అన్నాడు. అయింది అన్నాను. ఇప్పటికీ పని మధ్యలో ఉన్నట్టుండి కళ్ల ముందుకు ఒకటే వస్తుంది. మసక హాల్లో తెరల నిండా పెద్ద పెద్ద అంకెలు, వాటి మధ్య చేతులు వెనక కట్టుకుని నడుస్తున్న ఒక మనిషి.

నా చివరి రోజు, ఆ శనివారం మధ్యాహ్నమే సాబ్ డ్యూటీకి తిరిగి వచ్చాడు. సీసా అడుగంత మందం కళ్లద్దాలు. వాటి వెనక కళ్లు చాలా పెద్దవిగా ఉన్నాయి. ముందు రిజిస్టరు అడిగాడు. కిటికీ దగ్గరకు పోలేదు. బల్ల దగ్గరే నిలబడి నా రెండున్నర నెలల పేజీలన్నీ చదివాడు. డిసెంబరులో ఒక చోట గంట వేయలేదని వేలు పెట్టి చూపాడు. వేశాను. పెట్టె తీసుకుని మెట్లు దిగాను. గేటు దాకా వచ్చాడు. దండం పెట్టడానికి తల ఎత్తితే, ఆయన నా ముఖం వైపు చూస్తున్నాడు, రిజిస్టరు చదివినట్టే, పై నుంచి కింది దాకా, తొందర లేకుండా.

"అచ్ఛా. నువ్వు గిట్లుంటవా బేటీ" అన్నాడు. "సరే నడువు. బండికి టైమైతాంది."